జాలి కాదు, జాలీ కావాలి

‘మంచు చిరుత’ అన్న పేరులోనే ఒక తిరకాసు ఉంది. పేరేమో చిరుతది, చుట్టరికం మాత్రం పెద్దపులితో. ఒంటి మీద మచ్చలు చూసి మనవాళ్లు చిరుత అనేశారు గానీ, జన్యువులు పరీక్షిస్తే దానికి అన్నిటికంటే దగ్గరి బంధువు పులే అని తేలింది.

ఈ జంతువు గురించి మూడు సంగతులు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చింది, గాలి కూడా సరిగ్గా దొరకని ఎత్తులో ఎలా బతుకుతోంది అన్నవి మొదటి రెండు. మూడోది, దాన్ని కాపాడుతున్న వస్తువుల్లో అతి మామూలుగా కనిపించే వస్తువు ఏది అన్నది. జవాబు చివరిదాకా దాచి ఊరించను. అది మేకల దొడ్డి మీద పరిచే ఇనుప జాలీ. మనింటి కోళ్ల గూటికి కొట్టేలాంటిదే. పెద్దపిల్లికీ మేకల దొడ్డికీ ఏమిటి సంబంధం అంటారా? అది అర్థం కావాలంటే ముందు ఆ పిల్లి గురించీ, అది తిరిగే కొండల గురించీ కాస్త తెలియాలి.

పులికి చుట్టం

సింహం, పులి, చిరుత, జాగ్వార్, మంచు చిరుత. ఈ ఐదూ ‘పాంథెరా’ అనే ఒకే ప్రజాతికి చెందినవి. ఒకప్పుడు మంచు చిరుతను ఈ గుంపులో కలపలేదు. అది గర్జించలేదు, పుర్రె ఆకారం కూడా కాస్త వేరు. అందుకని ‘ఉన్సియా’ అని దానికి విడిగా ఒక ప్రజాతిని కేటాయించారు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక మళ్లీ తెచ్చి పెద్దపిల్లుల కుటుంబంలోనే కూర్చోబెట్టారు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం పాంథెరా ఉన్సియా. పులీ, మంచు చిరుతా ఒకే పూర్వీకుల నుంచి సుమారు 20 నుంచి 30 లక్షల ఏళ్ల కిందట విడిపోయి ఉంటాయని చాలా అంచనాలు చెబుతున్నాయి.

2010లో టిబెట్‌లోని జాందా లోయలో ఒక పుర్రె శిలాజం దొరికింది. దాని మీద పరిశోధన పత్రం 2013లో వెలువడింది. దానికి పాంథెరా బ్లైథియే అని పేరు పెట్టారు. వయసు 41 లక్షల నుంచి 59 లక్షల ఏళ్ల మధ్య ఉంటుందని లెక్క కట్టారు. ఆ పుర్రెకు మంచు చిరుత పోలికలు ఉన్నాయని దాన్ని కనుగొన్నవాళ్లు రాశారు. పెద్దపిల్లుల పుట్టిల్లు ఆసియా అన్న వాదనకు ఆ శిలాజంతో బలం వచ్చింది.

ఇక్కడ కాస్త భూగర్భశాస్త్రం కూడా చెప్పుకోవాలి. మన దక్కన్ పీఠభూమిని మోస్తున్న భారత ఫలకమే ఉత్తరానికి జరిగి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాని గుద్దుకోవడం మొదలుపెట్టింది. ఆ తాకిడికి హిమాలయాలు లేచాయి, టిబెట్ పీఠభూమి పైకి వచ్చింది. కొత్తగా ఏర్పడ్డ ఆ చల్లని ఎత్తుల్లోకి ముందు గడ్డి మేసే జంతువులు చేరాయి, వాటి వెనకే వాటిని తినే పిల్లీ చేరింది. అంటే మంచు చిరుత ఇల్లు కట్టడంలో మన కాళ్ల కింది నేలకీ వాటా ఉందన్నమాట.

ఒంట్లో ఉన్న ఏర్పాట్లు

4,500 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 57 శాతమే ఉంటుంది. గుండె నిండా ఊపిరి పీల్చినా సగం కంటే కాస్త ఎక్కువ ఆక్సిజనే లోపలికి వెళుతుంది. పైగా చలికాలంలో సున్నాకి ఎంతో దిగువన ఉండే చలి. నిలువుగా ఉండే రాతి గోడలు. ఇలాంటి చోట పరుగెత్తి వేటాడే జంతువును డిజైన్ చేయమంటే మనం ఏం చేస్తాం?

ప్రకృతి చేసింది ఇది. మంచు చిరుత మిగతా పెద్దపిల్లుల కంటే చిన్నది. మామూలుగా 22 నుంచి 55 కిలోల మధ్య తూగుతుంది. ముందు కాళ్లు కాస్త పొట్టి, వెనక కాళ్లు పొడుగు. అందుకే రాయి మీంచి రాయి మీదకు బలంగా దూకగలదు. పాదాలు వెడల్పుగా ఉంటాయి, అడుగున కూడా బొచ్చు ఉంటుంది. బరువు ఎక్కువ వైశాల్యం మీద పడుతుంది కాబట్టి మెత్తటి మంచులో కూరుకుపోదు. పీడనం అంటే బలం బై వైశాల్యం అని మనం ఎప్పుడో చదువుకున్న సూత్రమే.

తోక దాదాపు మీటరు ఉంటుంది. ఏటవాలు కొండ మీద మలుపు తిరిగేటప్పుడు అది తూనికలా పనిచేసి ఒళ్లు అదుపు తప్పకుండా చూస్తుంది. పడుకున్నప్పుడు అదే తోకను ముఖం చుట్టూ చుట్టుకుంటే దుప్పటి. పొట్ట మీద బొచ్చు 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చెవులు చిన్నవి, గుండ్రనివి. వేడి బయటికి పోయే వైశాల్యం ఎంత తక్కువుంటే అంత మేలు కదా. ముక్కు లోపలి గది వెడల్పుగా ఉండడంతో చల్లటి పొడిగాలి ఊపిరితిత్తులకు చేరేలోపే వెచ్చబడుతుంది.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం దాని రక్తం. హిమాలయాల మీదుగా ఎగిరే బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతు రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని మామూలు కంటే గట్టిగా పట్టుకుంటుంది. మంచు చిరుత రక్తంలోనూ అలాంటి మార్పే ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. 2015లో వెలువడిన పరిశోధనలో అలాంటిదేమీ కనబడలేదు. దాని హిమోగ్లోబిన్ మన వీధిలో తిరిగే పిల్లి హిమోగ్లోబిన్‌లాగే పనిచేస్తుంది. అయితే ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒళ్లు ఎలా స్పందించాలో నడిపించే జన్యువుల్లో మాత్రం, ఇతర పెద్దపిల్లుల్లో లేని మార్పులు దీనిలో ఉన్నాయని 2013లోనే చూపించారు. పరిణామం ఎప్పుడూ మనం అనుకున్న చోటే రిపేరు చేయదు, అందుబాటులో ఉన్న చోట చేస్తుంది.

కొండ మీద ఒంటరి కాపురం

మంచు చిరుత 12 దేశాల్లో ఉంది. భారత్, నేపాల్, భూటాన్, చైనా, పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, కజక్‌స్తాన్, రష్యా, మంగోలియా. దాని ఆవాసంలో ఎక్కువ భాగం చైనాలోనే ఉంది. హిమాలయాల్లో ఎక్కువగా 3,000 నుంచి 4,500 మీటర్ల మధ్య, చెట్లు పెరగడం ఆగిపోయే గీతకు పైన తిరుగుతుంది. ఉత్తరాన మంగోలియాలో ఇంకా తక్కువ ఎత్తులోని ఎండు కొండల్లోనూ ఉంటుంది. పేరులో మంచు ఉంది గానీ దానికి అసలు కావలసింది మంచు కాదు. నక్కి కూర్చోవడానికి రాళ్లు, పొంచి దూకడానికి ఏటవాలు, కింద మేస్తున్న ఆహారం. ఇవి ఉంటే చాలు.

ఆ ఆహారంలో ముఖ్యమైనది భరల్ అనే నీలి గొర్రె, ఐబెక్స్ అనే కొండమేక. వేసవిలో మర్మట్ లాంటి చిన్న జంతువులు కూడా. బూడిదరంగు ఒంటి మీద నల్లటి వలయాల్లాంటి మచ్చలతో అది రాళ్లలో కూర్చుంటే, ఎదురుగా ఉన్నా కనబడదు. పై నుంచి పొంచి చూసి, ఏటవాలు దిగుతూ ఒక్కసారిగా మీద పడుతుంది. తనకంటే రెండు మూడు రెట్లు బరువున్న జంతువును కూడా పడగొట్టగలదు. ఒక పెద్ద వేట దొరికితే కొన్ని రోజులు దాని దగ్గరే ఉండి తింటుంది. ఆ తర్వాత మళ్లీ ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను రోజులకు ఇంకో వేట.

తెల్లవారుజామున, సంధ్యవేళ ఎక్కువగా తిరుగుతుంది. తోడు ఉండదు. కానీ పక్కవాళ్లతో సంబంధం లేకుండా మాత్రం ఉండదు. రాళ్ల అంచుల మీద మూత్రం చిమ్మడం, వెనక కాళ్లతో నేల గీకి గుర్తు పెట్టడం, బండకు బుగ్గలు రుద్దడం... ఇవన్నీ వాటి మెసేజ్‌లు. ‘ఈ దారిన నేను వెళ్లాను’ అని ఒకటి పెడితే, తర్వాత వచ్చేది వాసన చూసి చదువుకుంటుంది. గర్జన లేదని చెప్పాను కదా, స్నేహంగా ఉన్నప్పుడు ముక్కుతో చిన్నగా బుస్సుమంటుంది. జతకట్టే కాలంలో మాత్రం లోయ అంతా వినబడేలా ఊళ పెడుతుంది. ఆ కాలం జనవరి నుంచి మార్చి దాకా. సుమారు మూడు, మూడున్నర నెలలకు రాతి గుహల్లో రెండో మూడో పిల్లలు పుడతాయి. ఏడాదిన్నర పైగా తల్లి వెంటే తిరిగి వేట నేర్చుకుంటాయి.

కనబడని దాన్ని లెక్కపెట్టడం

అడవిలో తిరుగుతున్న మంచు చిరుత మొదటి ఫొటోలను జార్జ్ షాలర్ అనే శాస్త్రవేత్త 1970లో పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండల్లో తీశారు. అప్పటికి మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టి ఏడాది దాటింది! ఇంత దొరకని జంతువును ఎలా లెక్కపెడతారు?

ఒక చెరువులో చేపలెన్నో తెలియాలనుకోండి. వల వేసి 100 చేపలు పట్టి, గుర్తు పెట్టి వదిలేస్తాం. కొన్నాళ్లకు మళ్లీ 100 పడితే అందులో 20 గుర్తున్నవి వచ్చాయి. అంటే గుర్తున్నవి మొత్తంలో ఐదో వంతు. గుర్తు పెట్టినవి 100 కాబట్టి చెరువులో సుమారు 500 ఉండాలి. మంచు చిరుతకు గుర్తు పెట్టాల్సిన పని కూడా లేదు, అది పుట్టుకతోనే తెచ్చుకుంది. ఏ రెండు చిరుతల మచ్చలూ ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లాగే. కదలికను పసిగట్టి దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లను దారుల్లో బిగిస్తారు. ఏ చిరుత ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ పడిందో చూసి, దూరాన్ని కూడా కలుపుకుని లెక్క కడతారు.

మన దేశంలో 2019 నుంచి 2023 దాకా అలాంటి సర్వే జరిగింది. 1,971 చోట్ల కెమెరాలు పెట్టారు. 13,450 కిలోమీటర్ల దారులు నడిచి ఆనవాళ్లు వెతికారు. ఫొటోల్లో విడివిడిగా గుర్తుపట్టిన చిరుతలు 241. వాటి ఆధారంగా వేసిన అంచనా 718. ఈ సంఖ్యను 2024 జనవరిలో ప్రకటించారు. లదాఖ్‌లో 477, ఉత్తరాఖండ్‌లో 124, హిమాచల్‌లో 51, అరుణాచల్‌లో 36, సిక్కింలో 21, జమ్మూ కాశ్మీర్‌లో 9. ప్రపంచం మొత్తం మీద పెద్దవయసు చిరుతలు 2,710 నుంచి 3,386 మధ్య ఉంటాయని 2017లో అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ అంచనా వేసింది.

ఇంకో కొలత కూడా చెప్పాలి, మన కథకు ఇదే కీలకం. దక్షిణ మంగోలియాలోని తోస్త్ కొండల్లో జీపీఎస్ కాలర్లు కట్టి చూస్తే, ఒక మగ చిరుత సగటున 207 చదరపు కిలోమీటర్లు, ఆడది 124 చదరపు కిలోమీటర్లు వాడుకుంటోంది. విస్తరణకు ముందు హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధి మొత్తం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అంటే ఆ నగరమంతా మూడు మగ చిరుతలకు సరిపోతుంది. 2016లో వెలువడిన ఈ పరిశోధనే మరో మాట కూడా చెప్పింది. మంచు చిరుత తిరిగే ప్రాంతంలో ఉన్న రక్షిత వనాల్లో 40 శాతం, ఒక్క మగ చిరుతకు కూడా చాలనంత చిన్నవి.

దీని అర్థం ఏమిటి? చుట్టూ కంచె వేసి ‘ఇది నీది, అది మాది’ అని పంచుకునే వీలు ఇక్కడ లేదు. చిరుత తిరిగే నేలలోనే కాపరి మంద మేస్తుంది.

దొడ్డిలో ఒక రాత్రి

లదాఖ్, స్పితి లాంటి చోట్ల పంట ఏడాదికి ఒకటే. మిగతా బతుకంతా మేకలు, గొర్రెలు, యాక్‌ల మీదే. రాత్రి మందను రాళ్లతో కట్టిన దొడ్లోకి తోలతారు. పాత దొడ్లకు గోడ ఉంటుంది గానీ పైకప్పు ఉండదు, ఉన్నా సందులుంటాయి. కొండ గోడలెక్కే జంతువుకు ఆ గోడ ఒక లెక్కా?

అది లోపలికి దూకిన తర్వాత జరిగేది దారుణం. కొండ మీద అయితే మంద మీద పడగానే ఒకటి దొరుకుతుంది, మిగతావి చెల్లాచెదురై పారిపోతాయి. వేట అక్కడితో ఆగిపోతుంది. దొడ్లో పారిపోయే దారి లేదు. భయపడ్డ మేకలు అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటాయి. కళ్ల ముందు ఏదైనా పరిగెడితే మీద పడమని పిల్లి జాతి మెదడు చెబుతూనే ఉంటుంది. స్టాప్ సిగ్నల్ అందని మోటారులా అది ఒకదాని తర్వాత ఒకటి చంపుకుంటూ పోతుంది. లదాఖ్‌లో ఒకే రాత్రి పదుల సంఖ్యలో గొర్రెలూ మేకలూ పోయిన సందర్భాలున్నాయి. ఆకలి తీరడానికి ఒకటి చాలు. కానీ తెల్లారేసరికి ఆ కుటుంబం కొన్నేళ్ల కష్టం నేల మీద పడి ఉంటుంది. ఒక్కోసారి చిరుత ఇంకా లోపలే, బయటికి వెళ్లలేక మూల నక్కి ఉంటుంది.

అప్పుడు ఆ కాపరి రాయి అందుకుంటే, ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని మనం తప్పుపట్టగలమా? మంచు చిరుత మనిషిని చంపినట్టు నిర్ధారణ అయిన సంఘటన ఒక్కటీ లేదు. చుట్టూ జనం చేరినా ఎదురు తిరగడం అరుదు. అందుకే అది తేలిగ్గా చచ్చిపోతుంది.

వన్యప్రాణుల వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ అనే సంస్థ 2016లో ఒక నివేదిక ఇచ్చింది. 2008 నుంచి ఏటా 221 నుంచి 450 దాకా మంచు చిరుతలు చంపబడుతున్నాయని దాని అంచనా. వాటిలో సగానికి పైగా పశువులను పోగొట్టుకున్న కోపంతో చంపినవే. చర్మం కోసమే వేటాడినవి అంతకంటే చాలా తక్కువ. మనం సినిమాల్లో చూసే తుపాకీ స్మగ్లర్ కంటే, నష్టపోయిన మామూలు మనిషి కోపమే దానికి పెద్ద ప్రమాదం.

ఇక్కడ వస్తుంది మన జాలీ. నేపాల్‌లో 1980ల్లో మొదటిసారి మంచు చిరుతలకు రేడియో కాలర్లు కట్టిన రాడ్నీ జాక్సన్, లదాఖ్‌కి చెందిన రించెన్ వాంగ్‌చుక్ కలిసి హెమిస్ నేషనల్ పార్క్ ఊళ్లలో పనిచేశారు. ఊరివాళ్లను కూర్చోబెట్టి, నష్టం ఎక్కువగా ఎక్కడ జరుగుతోందో వాళ్లతోనే చెప్పించారు. దొడ్డిలోకి దూకిన సంఘటనలు సంఖ్యలో తక్కువే, కానీ పోయిన జీవాల లెక్కలో వాటిదే పెద్ద వాటా. అంటే ఆ ఒక్క చోటు మూస్తే చాలా నష్టం ఆగుతుంది. దొడ్డి మీద కర్ర దూలాలు వేసి, వాటి మీద ఇనుప జాలీ బిగించి, సందు లేని గట్టి తలుపు పెట్టారు. జాలీ, తలుపు సామాను బయటి నుంచి వచ్చింది. రాయి, మట్టి, కూలీ ఊరివాళ్లవి. జాలీ వేసిన దొడ్డి లోపల మంద పోవడం ఆగిపోయింది. మంద పోకపోతే కోపం లేదు, రాయి లేదు.

ఇందులో కొత్తగా కనిపెట్టిన టెక్నాలజీ ఏమీ లేదు. నష్టం ఎక్కడ పోగుపడుతోందో కొలిచి అక్కడే చెయ్యి పెట్టారు. మనం ప్రాజెక్టుల్లో ‘రూట్ కాజ్’ అని స్లైడ్‌లో రాసేస్తాం కదా, దాన్ని వాళ్లు కొండ మీద చేసి చూపించారు.

దొడ్డి బయట

జాలీ రాత్రికే పనికొస్తుంది. పగలు మేతకు వెళ్లిన మేకనో, దొడ్డికే రాని యాక్ దూడనో చిరుత తింటే? దానికి వేరే ఉపాయాలు కావలసి వచ్చాయి.

హిమాచల్‌లోని స్పితిలో కిబ్బర్ అనే ఊరుంది. చారుదత్త్ మిశ్రా, ఆయన సహచరులు అక్కడ 1990ల చివర్లో ఊరివాళ్లతో మాట్లాడి, పచ్చిక బయళ్లలో కొంత భాగం పశువులు మేయకుండా వదిలేయడానికి ఒప్పందం చేసుకున్నారు. గడ్డి మిగలడంతో అక్కడ భరల్‌ల సంఖ్య పెరిగింది. 2002లో ఊరే నడుపుకునే పశువుల బీమా మొదలైంది. ప్రతి కుటుంబమూ తన పశువుకు కొంత ప్రీమియం కడుతుంది. పశువు పోతే ఊరి కమిటీయే చూసి నిర్ణయిస్తుంది. పక్కింటివాడి డబ్బు కూడా అందులో ఉంది కాబట్టి దొంగ క్లెయిమ్‌లు నడవవు.

మంగోలియాలో 1998లో బయర్జర్గల్ అగ్వాంత్‌సెరెన్ కాపరుల ఇళ్లలోని ఆడవాళ్లతో ఉన్ని వస్తువులు చేయించి అమ్మించే పని మొదలుపెట్టారు. ఆ ఏడాది తమ ప్రాంతంలో ఎవరూ చిరుతను చంపకపోతే అందరికీ బోనస్. ఒక్కరు తప్పు చేసినా అందరి బోనస్సూ పోతుంది. లదాఖ్‌లో రుంబక్ లాంటి ఊళ్లు చిరుతను చూడ్డానికి వచ్చేవాళ్లకు ఇళ్లలోనే బస ఇస్తున్నాయి. ఒకప్పుడు మేకను తినే శత్రువు, ఇప్పుడు చలికాలంలో అతిథులను తెచ్చే జంతువు అయింది.

ఈ కథలో మన హైదరాబాద్ పేరు కూడా ఒక చోట వస్తుంది. డార్జిలింగ్‌లోని జూలో మంచు చిరుతలను పెంచి సంతానవృద్ధి చేస్తున్నారు. ఆ జూ పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జంతు ఉద్యానం. ఆమె సరోజినీ నాయుడు కూతురు, హైదరాబాద్‌లో పుట్టారు, పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా పనిచేశారు. జూలో పిల్లలు పుట్టడం మంచిదే. కానీ పుట్టిన పిల్ల తిరగడానికి 200 చదరపు కిలోమీటర్ల కొండ కావాలి, ఆ కొండ మీద దాన్ని చూసి రాయి తీయని మనిషి కావాలి. అది ఏ జూ ఇవ్వలేదు.

ముప్పు ఇంకా తప్పలేదు. ఊళ్ల చుట్టూ పెరుగుతున్న కుక్కల మందలు, గనులు, రోడ్లు, వేడెక్కుతున్న వాతావరణం, ఉన్ని గిరాకీ కోసం పెరిగిపోతున్న మేకలు... జాబితా పొడుగ్గానే ఉంది. వీటన్నిటికీ ఇనుప జాలీ మందు కాదు. ఏటా అక్టోబర్ 23న అంతర్జాతీయ మంచు చిరుత దినోత్సవం వస్తుంది. ఆ రోజు మన ఫోన్లలో అందమైన ఫొటోలు చాలా తిరుగుతాయి, ‘పాపం’ అని కామెంట్లూ వస్తాయి. నేను మాత్రం ఆ ఫొటోల పక్కన ఇంకో ఫొటో కూడా పెడతాను. రాతి గోడ, నాలుగు కర్ర దూలాలు, వాటి మీద బిగించిన ఇనుప జాలీ, దాని కింద నిశ్చింతగా నెమరు వేస్తున్న మేకలు.